దీపం పెట్టుకుని ఎదురుచూసిన ఇల్లాలు

శరదృతువు వచ్చేసరికి తిరిగి వస్తానని భార్యకు మాట ఇచ్చి, పట్టుబట్టలు అమ్ముకోవడానికి క్యోటో నగరం వెళ్ళాడు ఒక పల్లెటూరి యువకుడు. ఇంతలో యుద్ధం వచ్చింది. దారిలో దొంగలు దోచుకున్నారు. ఆపైన జబ్బు చేసింది. భార్య ఈపాటికి చనిపోయే వుంటుందనుకుని పరాయి ఊళ్ళో వుండిపోయాడు. ఏడేళ్ళకు మనస్సు ఆగక ఇంటికి వస్తే, ఇల్లు ఇల్లుగానే వుంది. దీపం వెలుగుతున్నది. భార్య చిక్కి సగమై ఎదురువచ్చింది. తెల్లవారి లేచి చూస్తే పైన కప్పు లేదు. పడుకున్నచోట గడ్డి మొలిచివున్నది. ప్రక్కన భార్య లేదు, ఆమె సమాధి మాత్రం వున్నది.

ఈ కథ వ్రాసినవాడు ఒసాకాలో పుట్టిన ఉయెదా అకినారి. 1776లో అచ్చయిన తొమ్మిది కథల సంపుటి ‘ఉగెత్సు మోనొగతారి’లో ఇది ఒకటి. వానా, వెన్నెలా కలిసిన రాత్రి కథలని ఆ పేరుకు భావం చెప్పుకోవచ్చు.

1953లో దర్శకుడు మిజోగుచి కెంజి ఇందులోని రెండు కథలను కలిపి ‘ఉగెత్సు’ చిత్రం తీశాడు. ఆ ఏడే వెనిస్ చలనచిత్రోత్సవంలో దానికి వెండిసింహం బహుమానం వచ్చింది.

చిత్రంలో కథానాయకుడు గెంజురో అనే కుమ్మరి. పదహారవ శతాబ్దపు అంతర్యుద్ధాల రోజులు. బివా సరస్సు దగ్గర పల్లెలో భార్య మియాగి, చిన్న కొడుకు. యుద్ధకాలంలో కుండలకు మంచి ధర పలికింది. డబ్బు రుచి తెలిసింది. భార్యకు క్రొత్త బట్టలు తెచ్చాడు. ఆమెకు కావలసింది మాత్రం భర్త ఇంటిపట్టున వుండటమే. అతడు మళ్ళీ పట్నం వెళ్ళి, వకాసా అనే అందగత్తె మేడలో చిక్కుకుని ఇల్లు మరిచిపోయాడు. ఆమె కూడా దయ్యమేనని తరువాత తెలిసింది. ఈలోగా పిల్లవాణ్ణి వీపున కట్టుకుని పోతున్న మియాగిని, ఆకలిగొన్న సైనికులు పిడికెడు తిండి కోసం ఈటెతో పొడిచారు.

గెంజురో తిరిగివచ్చే ఘట్టమే ఈ చిత్రానికి ప్రాణం. అతడు చీకటి ఇంట్లోకి వస్తాడు. పొయ్యిలో నిప్పు లేదు. పిలుస్తూ వెనుకవాకిలిగుండా బయటికి వెళ్ళి, ఇల్లు చుట్టి మళ్ళీ లోపలికి వస్తాడు. కెమెరా అతణ్ణి వదలకుండా వెంబడిస్తుంది. ఇప్పుడు అదే పొయ్యి మండుతున్నది. ప్రక్కన మియాగి కూర్చుని వున్నది. చప్పుడూ లేదు, కేకా లేదు. తన తప్పు చెప్పుకోబోతే ఆమె చెప్పనివ్వదు. అన్నం పెట్టి, పడుకోబెట్టి, దీపం వెలుగులో అతని బట్టలు కుట్టుకుంటూ కూర్చుంటుంది. పొద్దున గ్రామపెద్ద వచ్చి చెబితేగాని ఆమె చనిపోయిందని అతనికి తెలియదు.

మూలకథలో భర్తను దొంగలు, జబ్బు, యుద్ధం ఆపాయి. చిత్రంలో మాత్రం అతణ్ణి ఆపింది ఎక్కువగా అతని ఆశే. మిజోగుచి చేసిన ఈ మార్పుతో ప్రేక్షకుడు, పాపం విధి, అని తప్పించుకోలేడు. సంపాదన అంతా ఇంటి కోసమే అని బయలుదేరినవాడు, ఆ ఇంటినే ఎక్కడ మరిచిపోయాడన్న ప్రశ్న మనస్సులో మిగిలిపోతుంది.

చివరకు గెంజురో మళ్ళీ సారె త్రిప్పుతాడు. ఇప్పుడు మియాగి కనబడదు, మాట మాత్రం వినబడుతుంది. పిల్లవాడు గిన్నెలో అన్నం తీసుకుపోయి తల్లి సమాధి మీద పెడతాడు.