ఒకే పోరు, రెండు తేదీలు

యుద్ధంలో నేలకొరిగిన సైనికుడి మరణ తేదీ రికార్డుకో రకంగా ఉంటే దేన్ని నమ్మాలి? కార్గిల్‌లోని ఒక రాత్రి కొంత జవాబు చెబుతుంది

తూర్పు ఢిల్లీలోని మయూర్ విహార్ ఎక్స్‌టెన్షన్‌లో మెట్రో ఎక్కితే రెండో స్టేషన్‌కే నోయిడా వచ్చేస్తుంది. అక్కడో రహదారికి కెప్టెన్ విజయంత్ థాపర్ పేరు పెట్టారు. ఆయన కంపెనీ కమాండర్ మన హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య. ఇద్దరిదీ 2 రాజ్‌పుతానా రైఫిల్స్. ద్రాస్ సెక్టార్‌లో నోల్ శిఖరం కోసం జరిగిన ఒకే పోరులో ఇద్దరూ ప్రాణాలర్పించారు. ఆచార్యకు మహావీర చక్ర, థాపర్‌కు వీర చక్ర దక్కాయి. కానీ మరణ తేదీలు చూస్తే ఆచార్యది 1999 జూన్ 28, థాపర్‌ది జూన్ 29.

ఎవరో పొరబడి రాశారనిపించడం సహజం. నిజానికి ఇక్కడ పేచీ లేదు. దాడి 28 రాత్రి మొదలైంది. కమాండర్ ఇక లేడని తెలిశాకే థాపర్ ముందుకు ఉరికారు. పోరు సాగుతుండగానే తేదీ మారింది. రెండింటినీ ఒకటి చేస్తే చెరిగిపోయేది నిజమే.

అందుకే ముందు తేల్చుకోవాల్సింది ఆ తేదీ దేన్ని చెబుతోందన్నది. శౌర్య పతక ప్రశంసాపత్రంలో తరచూ ఉండేది దాడి మొదలైన రోజు. మరోచోట ఉండేది భౌతికకాయం దొరికిన రోజో, కబురు అందిన రోజో కావచ్చు. 1962 నవంబర్ 18న రెజాంగ్ లాలో పోరాడి మరణించిన మేజర్ షైతాన్ సింగ్ దేహం మంచులో దొరికింది 1963లోనే.

రెండోది, ఆ కాగితం ఎప్పుడు రాశారన్నది. ఘటన దగ్గర రాసిన బెటాలియన్ డైరీకి, ఆస్పత్రి రిజిస్టర్‌కు ఉన్న బలం ఏళ్ల తర్వాత వచ్చిన పుస్తకానికి ఉండదు. పది చోట్ల ఒకే తేదీ కనిపించినా, అన్నీ ఒకదాన్ని చూసి ఎత్తిరాసినవైతే అది ఒక్క సాక్ష్యమే. ఎంతకీ తేలకపోతే ఫలానా తేదీల మధ్య అని రాయడమూ ఉంది. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ రికార్డుల్లో అలాంటివి కనిపిస్తాయి.

ఒక్క రోజు తేడాకు ఇంత పట్టింపెందుకు? తిథి చూసి ఆబ్దికం పెట్టే ఇంటిని అడిగితే తెలుస్తుంది. అర్ధరాత్రికి తేదీ మారుతుంది, తిథి మారదు. 1999 జూన్ 28 రాత్రి నిండు పున్నమి. ఆ పౌర్ణమి ముగిసింది తెల్లవారుజామున మూడు దాటాకే. అంటే పన్నెండుకు అటూ ఇటూ పోయిన ఇద్దరికి తేదీలు వేరైనా తిథి ఒకటే కావచ్చు. మూడు దాటాక పోయినవారికి పాడ్యమి. పంచాంగానికి కావాల్సింది తేదీ కాదు, వేళ.

కాబట్టి సైనికుడి వివరాలు సేకరించేవారు తేదీతో పాటు వేళనూ, అది ఏ కాగితంలో ఉందన్నదీ రాసిపెట్టాలి. రెండు తేదీలు మిగిలితే రెండూ ఉంచాలి. నచ్చినదాన్ని ఎంచుకునే హక్కు మనకు లేదు.