ఒక్క రీలు కెమెరాయే ఉంచుకోవాలంటే: అపోహలు – వాస్తవాలు

సెల్‌ఫోన్లు వచ్చి ఇన్నేళ్లయినా నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు చాలా ఇళ్లలో బీరువా పైఅరలో ఒక రీలు కెమెరా పడి ఉంటుంది. తాతగారి ఆగ్ఫా క్లిక్ త్రీ కావచ్చు, పెళ్లిళ్ల ఫొటోలు తీసిన బాబాయి యాషికా కావచ్చు. ఈమధ్య కాలేజీ పిల్లలు వాటిని కిందికి దించి దుమ్ము దులుపుతున్నారు. ఏది ఉంచుకోవాలి, కొత్తగా కొనాలంటే ఏది కొనాలి అని అడిగితే తలా ఒక మాట చెబుతారు. ఆ మాటల్లో చాలావరకు కెమెరా పేరు చుట్టూనే తిరుగుతాయి. నిజానికి చూడాల్సింది వేరు: దానికి రీలు దొరుకుతుందా, చెడితే విప్పి బాగుచేసే మనిషి ఉన్నాడా, మన ఎండకు ఆగుతుందా?

అపోహ: లైకా, నైకాన్ లాంటి పెద్ద పేరుంటేనే జీవితాంతం మన్నుతుంది.

వాస్తవం: రీలు కెమెరా అంటే వెలుతురు చొరని పెట్టె, ముందు లెన్సు, వెనక షట్టరు. బొమ్మ పడేది రీలు మీద. 1976 నుంచి 1997 దాకా తయారైన పెంటాక్స్ కె1000లో ఆటోమేటిక్ హంగులేవీ లేవు, అందుకే చెడిపోయేవీ తక్కువే. కొన్ని తరాల విద్యార్థులు ఫొటోగ్రఫీలో ఓనమాలు దిద్దుకున్నది దానితోనే. వెలుతురు కొలిచే దాని మీటరుకు స్విచ్చే ఉండదు, లెన్సుకు మూత పెట్టడమే దాన్ని ఆపడం. మూత మరిచి బీరువాలో పెడితే వెలుతురు తగిలినప్పుడల్లా బ్యాటరీ ఖర్చవుతుంది. ఇలాంటి చిన్న అలవాట్లు తెలుసుకుంటే చాలు. 1984లో వచ్చిన లైకా ఎం6 గొప్ప కెమెరాయే, 2022లో కంపెనీ దాన్ని మళ్లీ తయారుచేసింది కూడా. కానీ దానికి మరమ్మతు చేయించాలంటే పెద్ద నగరాలకో విదేశాలకో పంపాలి. మరమ్మతుకే భయపడి బయటికి తీయని కెమెరా ఎంత మన్నితే ఏం లాభం?

అపోహ: పాత కెమెరా కదా, బ్యాటరీ లేకపోయినా పనిచేస్తుంది.

వాస్తవం: అన్నీ అలా పనిచేయవు. కానన్ ఏఈ-1లో బ్యాటరీ అయిపోతే షట్టరు కదలదు. యాషికా ఎలక్ట్రో 35 అయితే సెకనులో 500వ వంతు వేగం ఒక్కటే మిగులుస్తుంది. నైకాన్ ఎఫ్ఎం2, యాషికా ఎఫ్ఎక్స్-3 సూపర్ 2000, కె1000 మాత్రం స్ప్రింగుల మీద నడిచే యంత్రాలు. వీటిలో బ్యాటరీ మీటరుకే, అది లేకపోయినా అన్ని వేగాలూ పనిచేస్తాయి. మీటరు చచ్చినా పల్నాటి ఎండ ఉండనే ఉంది. నడినెత్తి ఎండలో 100 స్పీడు రీలుకు అపర్చర్ 16, వేగం 125వ వంతు పెడితే కళ్లంలో ఆరబోసిన మిరపకాయల ఎరుపు ఎరుపుగానే వస్తుంది. మబ్బు పడితే అపర్చర్‌ను రెండు మెట్లు తెరవాలి. ఈ లెక్క ప్రపంచంలో ఎక్కడైనా పనిచేసేదే, మేఘం లేని మన వేసవిలో మరీ నికరంగా పనిచేస్తుంది.

అపోహ: వాడకుండా తోలు సంచిలో దాచి ఉంచితే కెమెరా కొత్తదానిలా ఉంటుంది.

వాస్తవం: కెమెరాను ఎక్కువగా పాడుచేసేది ఆ దాపరికమే. వేసవిలో రాష్ట్రంలోనే అత్యధిక ఉష్ణోగ్రత అంటూ రెంటచింతల పేరు పత్రికల్లో తరచూ కనిపిస్తుంది. ఆ వేడికి లెన్సు లోపలి గ్రీజు కరిగి అపర్చర్ రెక్కల మీదికి పాకి వాటిని జిగటగా చేస్తుంది. వెనక తలుపు అంచున వెలుతురును ఆపే నల్ల స్పాంజి పొడిపొడిగానో తారులాగానో మారుతుంది. ఇక తుపాను రోజుల తేమ తోలు సంచిలో చిక్కుకుంటే లెన్సు మీద సాలెగూడులాంటి బూజు పడుతుంది, స్టూడియో వాళ్లు ‘ఫంగస్ పట్టింది’ అనేది దీన్నే. సంచి తీసేసి, గట్టి మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టాలి. నెలకోసారి బయటికి తీసి, ప్రతి వేగంలోనూ ఒకసారి ఖాళీగా నొక్కి చూడాలి. ఎండలో నిలిపిన కారులో మాత్రం ఎప్పుడూ ఉంచకూడదు.

అపోహ: క్లిక్ అని చప్పుడు వస్తే కెమెరా బాగున్నట్టే.

వాస్తవం: పాతది కొనేటప్పుడు వెనక తలుపు తీసి వేగాన్ని ఒక సెకనుకు పెట్టి నొక్కండి. షట్టరు తెరుచుకుని ఒక సెకను ఆగి మూసుకోవాలి, మధ్యలో ఇరుక్కుంటే లోపలి గేర్లలో నూనె ఎండిపోయినట్టు. తర్వాత లెన్సు వెనక నుంచి టార్చి వేసి చూస్తే బూజూ గీతలూ బయటపడతాయి. రీలు ఎక్కించాక ఇంకొకటి చూడాలి. లీవరు తిప్పినప్పుడు ఎడమవైపున రీలు వెనక్కి చుట్టే పిడి కూడా తిరుగుతోందా? తిరగకపోతే రీలు పళ్లకు పట్టలేదన్నమాట. అది చూసుకోకపోతే పెళ్లంతా 36 ఫొటోలు తీశామనుకుని చివరికి ఒక్క బొమ్మ లేని రీలుతో మిగులుతాం.

అపోహ: రీలు తయారీ ఆగిపోయింది, ఇక ఏ కెమెరా ఉన్నా దండగ.

వాస్తవం: ఆగిపోయింది మన దేశపు తయారీ. 1960లో మొదలై ‘ఇందు’ పేరుతో నలుపు తెలుపు రీళ్లు అమ్మిన ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ మూతపడింది. అమెరికాలో కొడాక్, ఇంగ్లండులో ఇల్ఫర్డ్ ఇంకా తయారుచేస్తూనే ఉన్నాయి. 2024లో పెంటాక్స్ 17 అనే కొత్త రీలు కెమెరాయే మార్కెట్లోకి వచ్చింది. అయితే ఎంపికలో సైజు ముఖ్యం. 35 ఎంఎం, 120 సైజులు దొరుకుతాయి. 110, 126 సైజుల కెమెరాలకు రీలు వెతుక్కోవాలి. 120 సైజు 1901 నాటిది, తాతగారి క్లిక్ త్రీలో పట్టేదీ అదే. కాబట్టి దాన్ని బొమ్మల కొలువులో పెట్టాల్సిన పని లేదు, రీలు వేస్తే ఇవాళ కూడా 12 ఫొటోలు తీస్తుంది. ఇప్పుడు రీలు ధర, కడిగించే ఖర్చు కలిపితే ఒక్కో ఫొటో ఖరీదైనదే, అది మాత్రం నిజం. అమెరికాలో ఉన్న పిల్లలతో రీళ్లు తెప్పించుకుంటే చేతిసంచిలో పెట్టుకుని, స్కానరులో వేయకుండా చేత్తో చూడమని విమానాశ్రయంలో అడగమనండి. పెద్ద సూట్‌కేసులో వేస్తే అక్కడి గట్టి ఎక్స్‌రేకు రీలు పొగబారుతుంది.

అపోహ: తిరునాళ్లు తీయాలంటే ఫ్లాషూ నాలుగైదు లెన్సులూ ఉండాలి.

వాస్తవం: శివరాత్రికి కోటప్పకొండ కింద నిలిచే విద్యుత్ ప్రభను తలెత్తి చూడాలి, అంత ఎత్తు. కెమెరా ఫ్లాష్ వెలుగు నాలుగైదు మీటర్లు దాటాక నీరసిస్తుంది. అది ప్రభను అందుకోదు, ముందున్న జనం వీపుల్ని తెల్లగా చేస్తుంది అంతే. ప్రభకు సొంత వెలుగు ఉంది. ఫ్లాష్ ఆపి, 400 స్పీడు రీలుతో అపర్చర్ 2.8, వేగం 60వ వంతు దగ్గర మొదలుపెట్టి, అటొకటి ఇటొకటి తీస్తే బల్బుల వరసలు విడివిడిగా నిలుస్తాయి. కారంపూడిలో పల్నాటి వీరులను కొలిచే వీరారాధనలో, కొణతాలనే ఆయుధాలు పట్టి నడిచే వీరాచారులను తీయడానికి 50 ఎంఎం లెన్సు ఒక్కటి చాలు, రెండడుగులు ముందుకు నడవాలి అంతే. హెన్రీ కార్టియే బ్రెసాన్ తన పనిలో ఎక్కువ భాగం ఆ ఒక్క లెన్సుతోనే చేశాడు.

అపోహ: ఇక్కడ కడిగే దిక్కు లేదు, ఇంట్లో కడగడం అయ్యే పని కాదు.

వాస్తవం: కలర్ రీళ్లను కొరియర్‌లో పెద్ద నగరాల ల్యాబులకు పంపడమే మేలు. వాటి మందు 38 డిగ్రీల దగ్గర ఉండాలి, కొంచెం తేడా వచ్చినా రంగులు మారతాయి. నలుపు తెలుపు రీలు మాత్రం వంటగదిలోనే కడగొచ్చు. డి-76 మందుకు 20 డిగ్రీలు కావాలి. మే నెలలో మేడ మీద ట్యాంకు నీళ్లు అంతకు చాలా పైన ఉంటాయి కాబట్టి, మందు గిన్నెను ఐసు వేసిన బేసిన్‌లో పెట్టి థర్మామీటరు చూసుకోవాలి. శీతాకాలం తెల్లవారుజామున అయితే ఆ తిప్పలు కూడా తగ్గుతాయి.

అపోహ: నెగెటివ్ ఉంటే ఫొటో శాశ్వతం.

వాస్తవం: నెగెటివ్ విలువ ఏమిటో నాగార్జునకొండే చెబుతుంది. 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ తవ్వకాలు జరిపిన లోయ ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉంది. కొన్ని కట్టడాలను అనుపుకూ కొండ మీదికీ తరలించారు. వాటి అసలు చోటు ఎలా ఉండేదో చూడాలంటే అప్పటి ఫొటోలూ పటాలే ఆధారం. కానీ నెగెటివ్ దానంతటది బతకదు. వేడికి, తేమకు అసిటేట్ ఫిలిం పులిసిన వాసన కొట్టి ముడుచుకుపోతుంది, కలర్ రంగులు పాలిపోతాయి. ప్లాస్టిక్ కవర్ల కట్టలు విప్పి, కాగితపు కవర్లలో వేసి చల్లటి గదిలో పెట్టాలి. స్కాన్ కూడా చేయించుకోవాలి.

మరి ఒక్కటే అంటే ఏది? ఇంట్లో ఎఫ్ఎక్స్-3 సూపర్ 2000 ఉంటే దాన్నే ఉంచుకోండి. పైతోలు ఊడిపోవడం దాని జబ్బు, అది అందానికే గానీ పనికి అడ్డం కాదు. కొనుక్కునేవాళ్లకు కె1000, డబ్బుకు వెనకాడకపోతే ఎఫ్ఎం2. ఏదైనా స్ప్రింగుల మీద నడిచేది, 35 ఎంఎం రీలు పట్టేది, 50 లెన్సున్నది అయి ఉండాలి. ఏడాదికి రెండు రీళ్లయినా తిరగని కెమెరా షోకేసు బొమ్మే. అలాంటిది మీ దగ్గరుంటే, రోజూ భుజాన వేసుకు తిరిగే మేనల్లుడికి ఇచ్చేయండి, వాడి చేతిలోనే అది ఎక్కువ కాలం బతుకుతుంది.