విండోస్ 10కు ముగిసిన గడువు: పాత కంప్యూటర్‌ను ఏం చేయాలి?

విండోస్ 10 ఆపరేటింగ్ సిస్టమ్‌కు సాధారణ భద్రతా అప్‌డేట్లను మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబర్ 14తో నిలిపివేసింది. 2015 జులైలో విడుదలైన ఈ సిస్టమ్ అనేక ఇళ్లలో, కార్యాలయాల్లో, డీటీపీ కేంద్రాల్లో ఇంకా వాడుకలో ఉంది. గడువు ముగిసినంత మాత్రాన కంప్యూటర్ ఆగిపోదు. అయితే కొత్తగా బయటపడే భద్రతా లోపాలను సరిదిద్దే ఏర్పాటు ఇకపై ఉండదు.

నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుంది?

2017 మే నెలలో విజృంభించిన ‘వన్నాక్రై’ వైరస్ ఇందుకు ఉదాహరణ. అది ఫైళ్లకు తాళం వేసి, విడిపించేందుకు సొమ్ము డిమాండ్ చేసింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే పరిష్కారం విడుదల చేసింది. అయినా అప్‌డేట్ కాని కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని సైతం వాటిలో ఉన్నాయి.

విండోస్ 11కు అర్హత ఏమిటి?

లైసెన్సు ఉన్న విండోస్ 10 నుంచి విండోస్ 11కు మారడం ఉచితమే. కాకపోతే 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో చాలావరకు ఎనిమిదో తరం, ఆపై వాటికే అనుమతి ఉంది. ‘పీసీ హెల్త్ చెక్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అర్హతను తెలుసుకోవచ్చు. అర్హత లేని కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం ఉంది. అందుకు మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు కావాలి. లైనక్స్ వంటి ఉచిత సిస్టమ్‌కు మారడం మరో మార్గం.

అప్‌గ్రేడా, రీఇన్‌స్టాలా?

అప్‌గ్రేడ్ చేస్తే ఫైళ్లు, సాఫ్ట్‌వేర్లు సాధారణంగా యథాతథంగా ఉంటాయి. డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే అందులోనివన్నీ చెరిగిపోతాయి. వైరస్ సోకినప్పుడు, సిస్టమ్ తరచూ మొరాయిస్తున్నప్పుడు రెండోదే మేలు. ఇందుకు కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి. ఇన్‌స్టలేషన్ ఫైలును మైక్రోసాఫ్ట్ అధికారిక వెబ్‌సైట్ నుంచే తీసుకోవాలి.

ముందు జాగ్రత్తలు

ఏ మార్గాన్ని ఎంచుకున్నా ఫొటోలు, పత్రాలను ముందుగా వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, అవి తెరుచుకుంటున్నాయో లేదో పరిశీలించాలి. డ్రైవ్‌కు బిట్‌లాకర్ రక్షణ ఉంటే దాని రికవరీ కీని రాసిపెట్టుకోవాలి.

తెలుగులో పనిచేసేవారు మరో అంశాన్ని గమనించాలి. యూనికోడ్ కాని పాత ఫాంట్లతో టైపు చేసిన పత్రాలు ఆ ఫాంట్లు లేకుంటే అర్థంకాని గుర్తులుగా కనిపిస్తాయి. కనుక పత్రాలతోపాటు ఫాంట్లనూ, వాటి సాఫ్ట్‌వేర్ లైసెన్సు వివరాలనూ భద్రపరచాలి. సిస్టమ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం కొన్ని గంటల పని. కాపీ లేని ఫైలు పోతే తిరిగి రావడం కష్టం.