నడిసముద్రమున ఫోనును ఇంటర్నెట్టును

నేలమీద నున్నంతవరకు చేతిలోని ఫోను ఏ మార్గమున పలుకుచున్నదో మనమెవ్వరమును విచారింపము. మీట నొక్కుదుము, అవతలివారు పలుకుదురు, అంతటితో మన పని తీరును. కాని విహారనౌక నెక్కి తీరము విడిచిన కొంతసేపటికి ఆ ఫోనే మూగవోవును. లేదా, మూగవోక పలికినను, ఇంటికి వచ్చిన పిమ్మట గుండె ఝల్లుమనునంతటి బిల్లు తెచ్చును. దీనికి కారణము ఫోనులో లేదు. ఫోనునకును ఇంటికిని నడుమనున్న దారిలో నున్నది. ఆ దారి యెట్టిదో విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలియునట్లు చెప్పుటయే మా యుద్దేశము.

ఈ సంగతి మనకు దూరమైనదని తలంపరాదు. 2022వ సంవత్సరము జూన్ నెలలో 'ఎంప్రెస్' అను విహారనౌక విశాఖపట్టణమునుండి చెన్నపట్టణమునకు ప్రయాణికులను గొనిపోయెను. 2023లో విశాఖ రేవునందు విహారనౌకలకై ప్రత్యేకముగా ఒక టెర్మినల్ తెరువబడెను. అంతియేగాక, తెలుగువారిలో పలువురు యువకులు దేశదేశముల నౌకలలో ఉద్యోగములు చేయుచున్నారు. కుమారుని మాట నాలుగు దినములు వినబడకున్న ఆ యింట దీపము పెట్టువేళకు ఎట్టి దిగులు క్రమ్ముకొనునో వేరుగ చెప్పనక్కరలేదు. కావున ప్రయాణికులును, నావికుల యింటివారును ఈ విషయమును కొంత ఎరిగియుండుట మేలు.

మొదట నేలమీది పద్ధతిని చూతము. మన ఫోను తానుగా దూరదేశముతో మాటలాడదు. దగ్గరనున్న టవరుతో మాత్రమే రేడియో తరంగములద్వారా మాటలాడును. టవరునుండి ఆవలికి ఆ మాట చాలవరకు భూమిలో పాతిన తీగెలవెంట పోవును. భూమి గుండ్రముగా నుండుటచేత, 50 మీటర్ల టవరు కొననుండి చూచువానికి సముద్రతలము సుమారు 25 కిలోమీటర్లవరకే కానవచ్చును. ఈ తరంగములును ఇంచుమించుగ మన చూపువలె తిన్నగా పోవునవే. నౌకయొక్క పైయంతస్తు ఎత్తుగా నుండుటచే మరికొంత దూరము కలిసివచ్చినను, జేబులోని ఫోనుకు గల శక్తి స్వల్పము. గంటకు 20 నాటికల్ మైళ్లు, అనగా సుమారు 37 కిలోమీటర్లు, పోవు నౌక రేవు విడిచిన ఒకటి రెండు గంటలలోనే నేల టవర్ల అందుబాటును దాటిపోవును.

తీరము కానరానిచోటినుండి ఇంటికి వార్త పంపవలెనను కోరిక నేటిది కాదు. 1912లో మునిగిన టైటానిక్ నౌకలో మార్కోనీ కంపెనీ ఉద్యోగులిద్దరు, జాక్ ఫిలిప్స్, హెరాల్డ్ బ్రైడ్ అనువారు, తంతిలేని టెలిగ్రాఫు యంత్రమును నడపుచుండిరి. ప్రయాణికుల సొంత వార్తలను రుసుము గైకొని పంపుట వారి ముఖ్యమైన పనులలో నొకటి. ఏప్రిల్ 14వ తేదీ రాత్రి ఫిలిప్స్ అట్టి వార్తలను కేప్ రేస్ కేంద్రమునకు పంపుచుండగా, సమీపముననున్న కాలిఫోర్నియన్ అను నౌకనుండి మంచును గూర్చిన హెచ్చరిక వచ్చెను. తాను పనిలో నున్నానని చెప్పి ఫిలిప్స్ దానిని ఆపించెను. కాలిఫోర్నియన్ నౌకలోని ఉద్యోగి కొంతసేపటికి యంత్రమును కట్టి నిద్రించెను. తరువాత టైటానిక్ చేసిన ఆర్తనాదము ఆతని చెవి సోకలేదు.

ఈ ఘోరముచేత లోకమునకు బుద్ధివచ్చి, 1914లో లండను నగరమున సముద్రముపై ప్రాణరక్షణమునకు సంబంధించిన అంతర్జాతీయపు టొడంబడిక యేర్పడెను. రేడియోను ఎల్లవేళల కనిపెట్టియుండవలెనను నియమము నాటిదే. తరువాత ఆ యేర్పాటులు క్రమముగా పెంపొంది, 1999 ఫిబ్రవరి 1వ తేదీనుండి నౌకల ఆపద వార్తలకు ప్రపంచమంతటికిని ఒకటే పద్ధతి పూర్తిగా అమలులోనికి వచ్చినది. నౌకను నడపువారికి ఆపదలో సహాయము కోరుటకు ప్రత్యేకమైన రేడియోలును, ఉపగ్రహ యంత్రములును కలవు. ప్రయాణికులు వాడుకొను ఇంటర్నెట్టు వేరు. ఈ మార్గము వేరు. కావున ప్రయాణికుని ఫోను ఆగినంతమాత్రమున నౌకకు లోకముతో సంబంధము తెగిపోయినదని ఇంటివారు భయపడ నక్కరలేదు.

ఇక నేల టవరు అందని చోట వార్త పోవు దారి ఏది? ఆకాశమే. నౌక పైభాగమున గుమ్మటములవంటి తెల్లని గోళములు కానవచ్చును. వానిలో కొన్నింటియందు ఉపగ్రహమువైపు తిరిగియుండు పళ్లెములవంటి ఆంటెనాలుండును. అలలచే నౌక ఎటు ఒరిగినను, ఆంటెనాను ఉపగ్రహమువైపునకే త్రిప్పి నిలుపు యంత్రము దానితో కూడియుండును. నౌకనుండి ఉపగ్రహమునకును, ఉపగ్రహమునుండి నేలమీది కేంద్రమునకును, అచ్చటినుండి మన యింటికిని వార్త చేరును.

భూమి తిరుగు వేగముతోనే తిరుగుచు ఒకేచోట నిలిచినట్లు కానవచ్చు ఉపగ్రహములతో ప్రపంచమంతటికిని వార్తలు పంపవచ్చునని 1945లో ఆర్థర్ సి. క్లార్క్ వ్రాసెను. 1976లో మారిశాట్ ఉపగ్రహములు నౌకలకై పైకి పంపబడెను. 1979లో ఇన్మార్శాట్ అను అంతర్జాతీయ సంస్థ స్థాపింపబడెను. ఇట్టి ఉపగ్రహములు భూమధ్యరేఖపై 35,786 కిలోమీటర్ల ఎత్తున నుండును. విద్యార్థులు ఇచ్చట ఒక చిన్న లెక్క చేయవచ్చును. రేడియో తరంగము సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. పైకిని క్రిందికిని కలిసి 71,572 కిలోమీటర్లు. అనగా ఒక మాట చేరుటకు సుమారు 0.24 సెకను పట్టును. దాని బదులు వచ్చునప్పటికి దాదాపు అర సెకను గడచును. నౌకనుండి మాటలాడునప్పుడు ఒకరి మాటమీద నొకరి మాట పడుట కిదియే ముఖ్యకారణము.

ఇటీవల తక్కువ యెత్తున తిరుగు ఉపగ్రహములు వచ్చినవి. స్టార్‌లింక్ ఉపగ్రహములు సుమారు 550 కిలోమీటర్ల యెత్తుననే తిరుగును. పైకిని క్రిందికిని 1,100 కిలోమీటర్లే గనుక, ఆకాశమార్గమున ఆలస్యము సుమారు 0.004 సెకను మాత్రమే. తక్కువ యెత్తున నుండుటచే ఒక్కొక్క ఉపగ్రహము స్వల్ప ప్రదేశమునే చూడగలదు. పైగా త్వరగా దాటిపోవును. అందువలన అవి వేలసంఖ్యలో కావలసివచ్చుచున్నవి. రాయల్ కరీబియన్ సంస్థ తన నౌకల కీ సౌకర్యమును కల్పింతుమని 2022 ఆగస్టులో ప్రకటించెను. కార్నివాల్ సంస్థ 2024లో తన నౌకలన్నిటియందును దీనిని అమర్చుట ముగించెను.

దారి బాగుపడినను, దానిని పంచుకొనువారు అనేకులు. 2024 జనవరిలో తొలిప్రయాణము చేసిన 'ఐకాన్ ఆఫ్ ది సీస్' అను నౌకలో 7,600 మంది ప్రయాణికులవరకు పట్టుదురు, సిబ్బంది వేరు. వీరందరికిని ఆ గోళములద్వారా వచ్చు ప్రవాహమే ఆధారము. డెల్టాలో కాలువ మొదటి పొలములవారు నీరు విరివిగా పెట్టుకొన్నచో చివరి పొలములకు తడి యందుట కష్టమగును గదా! నౌకలోను అట్లే. రాత్రి భోజనమైన పిమ్మట అందరును ఒక్కమారుగా బొమ్మల మాటలకు దిగినచో వేగము తగ్గును. మరియు నౌక యినుపకట్టడము. గోడలు తరంగములను అడ్డగించును గనుక, నడవలలోను గదులలోను అనేకములైన వైఫై పెట్టెలు అమర్చుదురు. అయినను మూలగదులలో సంకేతము సన్నగిల్లుట కలదు.

ఇప్పుడు ముఖ్యవిషయమునకు వత్తము. నౌకలోని ఫోనుకు మూడు దారులు కలవు.

మొదటిది తీరపు టవరు. ఇది రేవులోను, తీరమునకు దగ్గరగను మాత్రమే దొరకును. అన్యదేశపు తీరమైనచో ఆ దేశపు టవరే ఫోనును పట్టుకొనును. అప్పుడు విదేశపు రోమింగు రుసుములు వర్తించును.

రెండవది నౌకయొక్క సొంత టవరు. చాల విహారనౌకలలో చిన్న సెల్ యంత్రము లుండును. అవి ఉపగ్రహముద్వారా నేలను చేరును. తీరము సమీపింపగనే వీనిని సాధారణముగా ఆపుదురు, నడిసముద్రమున తెరతురు. నేల టవరు పోయినతోడనే మన ఫోను మనల నడుగకయే దీనిని పట్టుకొనవచ్చును. సంకేతపు గీతలు నిండుగ కానవచ్చును. చూచువాడు ఇంకను నేలమీది సేవయే యనుకొనును. కాని ఇది మూడింటిలో మిక్కిలి ఖరీదైన దారి. దీని రుసుమును నౌకవారు అచ్చట వసూలు చేయరు. మన సిమ్ కంపెనీవారు పిదప బిల్లులో చేర్చుదురు. సాధారణపు విదేశీ రోమింగు ప్యాకులలో నౌకల టవరు చేరకపోవుట కద్దు. ఐరోపా సమాజములో 2017 జూన్‌నుండి పరదేశమునను స్వదేశపు రుసుమే యను నియమ మున్నను, ఉపగ్రహముద్వారా నడచు నౌకల టవర్లకు అది వర్తింపదు. ఇందును విచారింపదగిన సంగతి యేమనగా, మనము మాటలాడకున్నను ఫోను ఊరకుండదు. ఉత్తరములు తెచ్చుకొనుట, ఛాయాచిత్రములను దాచుట, యాప్‌లను క్రొత్తవిగా మార్చుకొనుట మొదలగు పనులను తెర వెనుక చేయుచునేయుండును.

మూడవది నౌకలోని వైఫై. దీనికి నౌకవారికే రోజునకింత యనియో, ప్రయాణమంతకును ఇంత యనియో చెల్లింతుము. ఎంత వ్యయమగునో ముందే తెలియును. నౌకయొక్క సొంత యాప్‌ను, అనగా భోజనవేళలు, కార్యక్రమములు చూపుదానిని, అనేక నౌకలలో ఇంటర్నెట్టు కొనకయే వాడుకొనవచ్చును.

రెండవ దారిలో తెలియక పడకుండుటకు ఉపాయము మిక్కిలి సులభము. రేవు విడుచుటకు ముందే ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టవలెను. పిదప వైఫైని మాత్రము తెరువవలెను. అప్పుడు టవరు ఏదియు ఫోనును పట్టుకొనజాలదు. వైఫై మాత్రము పనిచేయును. వాట్సాప్ మొదలగు వానితో ఇంటివారికి వార్త పంపవచ్చును.

దీనియందొక చిక్కు కలదు. ఫ్లైట్ మోడ్‌లో నున్న ఫోనుకు బ్యాంకువారు సెల్ సందేశముగా పంపు ఓటీపీ మామూలు మార్గమున చేరదు. కావున ఫీజులు, వాయిదాలు మొదలగునవి బయలుదేరుటకు ముందే చెల్లించుకొనుట మంచిది. ప్రయాణమునకు ముందు సిమ్ కంపెనీవారిని, "మీ రోమింగు ప్యాకు నౌక టవరుకు వర్తించునా?" యని స్పష్టముగా అడుగవలెను. విదేశమునకు వర్తించునని చెప్పినంతమాత్రమున నౌకకును వర్తించునని గ్రహింపరాదు.

మితముగా వాడుకొనుటయు నేర్వదగినదే. ఒక సెల్ సందేశమునకు 140 బైట్లు పట్టును. ఆ పరిమితిలో ఆంగ్లాక్షరములైనచో 160 ఇముడును. తెలుగు లిపిలోనైనచో గుడింతపు గుర్తులతో కలిపి 70 మాత్రమే. 3 మెగాబైట్ల ఛాయాచిత్ర మొక్కటి పంపుటకు పట్టు స్థలములో ఇట్టి సందేశములు 21 వేలకు పైగా పట్టును. "క్షేమముగా నున్నాము, ఎల్లుండి రేవు చేరుదుము" అను చిన్న వాక్యము నెమ్మది దారిలోను సులభముగా పోవును. బొమ్మలను రేవు చేరినపిదప పంపవచ్చును.

నౌకలో పనిచేయువారి మాట చెప్పకున్న ఈ వ్యాసము సంపూర్ణము కాదు. ప్రయాణికునికి ఇంటర్నెట్టు వారము దినముల సౌఖ్యము. అనేక మాసములు ఇల్లు విడిచియుండు నావికునికి, బిడ్డ మొగము చూచుటకు అదియే సాధనము. నావికుల హక్కులనుగూర్చిన 2006వ సంవత్సరపు అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒడంబడికను భారతదేశము 2015లో అంగీకరించినది. దానికి 2022లో చేసిన సవరణలు 2024 డిసెంబరు 23వ తేదీనుండి అమలులోనికి వచ్చినవి. నావికులు తమవారితో సంబంధము గలిగియుండుటకు తగిన సౌకర్యమును సాధ్యమైనంతవరకు నౌకాస్వాములు కల్పింపవలెననియు, రుసుము తీసికొన్నచో అది న్యాయమైనదిగా నుండవలెననియు వానిలో చేర్చబడినది. కుమారుని నౌకకు పంపు తలిదండ్రులు జీతమునుగూర్చి విచారించునట్లే, నౌకలో సిబ్బందికి ఇంటర్నెట్టు ఎంతవరకు ఇత్తురు, దాని కెంత పుచ్చుకొందురు అనియు ముందుగా అడుగుట యుక్తము.

కడపట ఇంటివారికి ఒక మాట. యంత్రము లెంత పెరిగినను సముద్రము విశాలము. తుపాను మేఘములును, పెద్దవానలును ఉపగ్రహపు సంకేతమును బలహీనపరచగలవు. కావున బయలుదేరువారు తమ నౌక పేరును, ఏ దినమున ఏ రేవు చేరుదురో ఆ పట్టికను, నౌకాసంస్థవారి నేలమీది కార్యాలయపు నంబరును కాగితముమీద వ్రాసి ఇంట నుంచి పోవలెను. ఏ దినమున, ఏ వేళ మాటలాడుదురో ముందే నిర్ణయించుకొనవలెను. ఆ వేళ తప్పినచో మరునాటి రేవువరకు వేచియుండవలెనని ఇంటివారితో చెప్పవలెను. ఇంతమాత్రము చేసినచో నౌకలోనివారి చేతిసొమ్ము వృథా కాదు, ఇంటనున్నవారికి నిదుర చెడదు.