పరాయి దేశంలో ఆశ్రయం అడిగితే

జగిత్యాల, కోరుట్ల వైపు ఆమ్నెస్టీ అంటే తెలియనివాళ్లు తక్కువ. 2018లో, మళ్లీ 2024లో యూఏఈ ప్రకటించినప్పుడు వీసా గడువు దాటినవాళ్లు జరిమానా లేకుండా ఇంటిముఖం పట్టారు. అసైలం దానికి పూర్తిగా ఎదురు: ఇంటికి పంపితే నాకు ముప్పు, పంపొద్దు అని పరాయి ప్రభుత్వాన్ని అడగడం. 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో ఆరు గల్ఫ్ దేశాల్లో ఒక్కటీ చేరలేదు (మనమూ చేరలేదు). అందుకే ఈ దరఖాస్తులు ఎక్కువగా అమెరికా, కెనడా, ఐరోపాల్లో పడతాయి.

ఒక మనిషిని ఊహించుకుందాం. కోరుట్ల పక్క పల్లెలో క్రైస్తవంలోకి మతం మార్చుకున్నాడు. గ్రామాభివృద్ధి కమిటీ అతని కుటుంబాన్ని వెలివేసింది. మాట్లాడినవాళ్లకు జరిమానా అంది. అతను అమెరికా చేరి, ఏడాది గడువు లోపలే ఆశ్రయం కోరే ఐ-589 ఫారం పెట్టుకున్నాడు.

అధికారి మొదట చూసేది జరిగిన హాని ఎంతటిదని. ఎవరో తిట్టారంటే చాలదు. కిరాణం ఇవ్వలేదు, కూలికి పిలవలేదు, నీళ్లు పట్టుకోనివ్వలేదు, ఒకరోజు కొట్టారు కూడా అంటే అన్నీ కలిపి తూచాలి. ఆ పగకు కారణం మతమేనా, లేక పాత భూతగాదాకు మతం తోడైందా అన్నది తర్వాత. ఇక నమ్మకం నిజమేనా? కొందరు అధికారులు బైబిల్ మీద పరీక్ష పెట్టేస్తారు. చదువురాని భక్తుడు అందులో తప్పుతాడు, బట్టీ పట్టిన మోసగాడు నెగ్గుతాడు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 2004 మార్గదర్శకాలు ఇలాంటి పరీక్షనే నమ్ముకోవద్దన్నాయి. 'గుట్టుగా ప్రార్థన చేసుకోవచ్చు కదా' అనడమూ కుదరదు. పాకిస్తాన్ అహ్మదీలు ఇద్దరు జర్మనీలో వేసిన కేసులో ఐరోపా న్యాయస్థానం 2012లో ఆ సంగతి తేల్చింది.

ముప్పు ఖాయమని రుజువు చేయనక్కర్లేదు. పదింట ఒక వంతు అవకాశమున్నా భయం సహేతుకం కావచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1987లోనే అంది.

మనవాళ్లకు గట్టి చిక్కు ఇంకొకటి: 'ఊళ్లో ఉండలేవు సరే, హైదరాబాద్‌లో ఎందుకు ఉండలేవు?' సిరిసిల్ల నేత కార్మికులు భివండి, సూరత్ వెళ్లి తరాలుగా బతుకుతున్నారు కదా, నీకేం అడ్డం? దీనికి జవాబు కన్నీళ్లతో కాదు, వివరాలతో ఇవ్వాలి. పోలీసులకు ఫిర్యాదు చేశాడా? తీసుకున్నారా, తరిమేశారా? నగరానికి మారితే అక్కడికీ వెతుక్కుంటూ వచ్చారా? వేధించింది ప్రభుత్వమే అయితే అమెరికా నిబంధనలు దరఖాస్తుదారు వైపు మొగ్గుతాయి: మరోచోట క్షేమంగా ఉండగలడని చూపాల్సింది అధికారులే. పల్లె కమిటీ ప్రభుత్వం కాదు. గతంలో పడిన హింసను రుజువు చేసుకోలేకపోతే ఆ బరువు మన మనిషి మీదే పడుతుంది. నిజంగా దెబ్బలు తిన్నవాళ్ల దరఖాస్తులు కూడా ఇక్కడ ఓడిపోతాయి. నాకిది కఠినంగానే కనిపిస్తుంది, కానీ చట్టం తర్కం అదే: సొంత దేశంలో ఎక్కడా రక్షణ దొరకనివారికే పరాయి దేశపు రక్షణ.

ఏజెంట్లు అమ్మే రెడీమేడ్ కథలు చిట్లేదీ ఇక్కడే. కాగితంలో ఒక తేదీ, ఇంటర్వ్యూలో మరో తేదీ. హెచ్చరించాక కూడా తెలిసి కట్టుకథ చెప్పాడని తేలితే, అమెరికా వలస చట్టం కింద ఆ మనిషికి వీసా, గ్రీన్‌కార్డు లాంటి ప్రయోజనాలన్నీ శాశ్వతంగా బంద్.