చీటీ మీద పెట్టె నంబరు చాలు

మైపాడు ఒడ్డున ఐసు పెట్టెకు చీటీ అంటించామనుకుందాం. "5వ పెట్టె, వంజరం" అని రాస్తే, రేపు అందులో రొయ్యలు పోసినప్పుడు చీటీ మార్చక తప్పదు. పెట్టె మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఉత్త నంబరు రాస్తే ఆ బాధ లేదు. ఏం తీస్తున్నదీ మూత తీసేవాడే చెబుతాడు.

కంప్యూటరు లోపలా ఇలాంటి మార్పే జరిగింది. మనం రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే సాధనం కంపైలరు. ఆ పనికి అది నడుమ మరో భాష వాడుకుంటుంది. 2000లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఎల్ఎల్‌వీఎంకూ అలాంటి భాష ఉంది. అందులో పాయింటరంటే మెమరీలో చోటు చెప్పే చీటీ. పూర్వం దాని మీద 'ఐ32*', 'ఐ8*' అని సరుకు రకం కూడా ఉండేది. అదే చోటును మరో రకంగా చూడాలంటే 'బిట్‌కాస్ట్' అనే ఆదేశం అదనంగా రాయాలి. యంత్రానికి దానివల్ల ఒరిగేది లేదు, కంపైలరుకు చాకిరీ తప్ప.

2022లో 15వ వెర్షను నుంచి అన్నిటికీ 'పీటీఆర్' అనే ఒక్క మాటే రివాజయింది. 2023లో 17వ వెర్షనులో పాత పద్ధతిని పూర్తిగా తీసేశారు. చోటులోంచి తీసే, అందులో పెట్టే ఆదేశమే ఇప్పుడు రకం చెబుతుంది.

అయితే పాత చీటీని నమ్ముకున్న సాధనాలన్నిటినీ సవరించుకోవలసి వచ్చింది. ఈ భాషను చదివి ప్రోగ్రాములను అంకెల్లోకి మార్చే ఐఆర్2వెక్ మీద 2020లో పరిశోధన వెలువరించినవారిలో మన కంది ఐఐటీ హైదరాబాద్‌వారున్నారు. అలాంటి పనిలో దిగే పల్లె కుర్రాళ్లు పాత పుస్తకంలోని 'ఐ32*' కొత్త కంపైలరులో చెల్లకపోతే తమకు చదువు రాలేదని దిగులుపడవద్దు. ముందు వెర్షను నంబరు చూసుకోవాలి.