ప్రాచీన ఈజిప్టు సంవత్సరాది - నేటి ఆచరణ

కాలాన్ని లెక్కించడం వేరు. కాలానికి గుర్తుగా ఉన్న వస్తువును ఆరాధించడం వేరు. ఈ తేడాను గ్రహించడానికి ప్రాచీన ఈజిప్టు (మిస్ర్) సంవత్సరాది చక్కని ఉదాహరణ. ఫిరౌనుల మతం ఏనాడో అంతరించిందని మనం చదువుకున్నాము. కాని నేడు అమెరికా, ఐరోపాలలో కొందరు దానిని పునరుద్ధరించి, ఆ పండుగను మళ్ళీ జరుపుకొంటున్నారు. కనుక దాని వాస్తవ స్వరూపం తెలుసుకోవడం అవసరం.

ఆ పండుగ పేరు 'వెప్ రొన్‌పెత్'. 'సంవత్సరాన్ని తెరచేది' అని దాని అర్థం. లుబ్ధక నక్షత్రం ఏటా సుమారు 70 రోజులు కనుమరుగై, వేసవిలో ఒకనాడు సూర్యోదయానికి కొంచెం ముందుగా తూర్పున మళ్ళీ కనిపిస్తుంది. దాదాపు అదే కాలంలో, ఇథియోపియా పర్వతాలపై కురిసే వర్షాల వల్ల నైలు నదికి వరద వచ్చేది. వరద వస్తేనే పంట, పంట ఉంటేనే బ్రతుకు. అందుచేత ఆ ప్రజలు ఆ నక్షత్రాన్ని 'సోప్దెత్' అనే దేవతగా భావించి, ఆమె రాకతో కొత్త సంవత్సరం మొదలవుతుందని నమ్మారు.

వారి సంవత్సరంలో 30 రోజుల నెలలు 12, చివర 5 అదనపు రోజులు, వెరసి 365. ఆ 5 రోజులు ఒసిరిస్, హోరస్, సేత్, ఐసిస్, నెఫ్తిస్ అనే దేవతల జన్మదినాలని వారి విశ్వాసం. లీపు దినం లేనందున వారి పంచాంగం నాలుగేండ్లకు ఒక రోజు చొప్పున ఋతువులకు దూరమయ్యేది. క్రీ.పూ. 238లో దీనిని సవరించాలని శాసనం వెలువడినా, అది నిలువలేదు. రోమన్ చక్రవర్తి అగస్టస్ కాలంలోనే సవరణ స్థిరపడింది. దందరా ఆలయంలో సంవత్సరాదినాడు హాథోర్ విగ్రహాన్ని మేడపైకి ఊరేగించి, సూర్యకిరణాలు సోకేటట్లు ఉంచేవారు.

నేడు ఈ మతాన్ని పాటించేవారిలో 1988లో అమెరికాలో ఆరంభమైన 'కెమెటిక్ ఆర్థొడాక్సీ' ఒకటి. దీపాలు, నైవేద్యాలు, చీకటికి ప్రతీక అయిన 'అపెప్' సర్పం బొమ్మను నాశనం చేయడం వంటివి నేటి ఆచరణలో కనిపిస్తాయి. నక్షత్రం తిరిగి కనిపించే రోజు దక్షిణాన ముందుగానూ, ఉత్తరాన ఆలస్యంగానూ వస్తుంది. కనుక ఏ ఊరి ఆకాశాన్ని ప్రమాణంగా తీసుకొంటే తేదీ ఆ విధంగా మారుతుంది. ఇక నైలు వరద సంగతి: 1970లో పూర్తయిన అస్వాన్ హై డ్యామ్ తరువాత అది ఈజిప్టు పొలాలను ముంచెత్తడం లేదు. పండుగకు మూలమైన వరద ఆగిపోయింది. నక్షత్రం మాత్రం తన నియమం తప్పక ఉదయిస్తూనే ఉంది. వరదను తెచ్చింది నక్షత్రం కాదనడానికి ఇంతకంటే నిదర్శనమేమి కావాలి?

అరబ్బులు ఈ నక్షత్రాన్ని 'షిఅరా' అంటారు. అజ్ఞానకాలంలో ఖుజాఆ తెగవారు దీనిని పూజించేవారని వ్యాఖ్యాతలు తెలిపారు. షిఅరాకు ప్రభువు అల్లాహ్‌యేనని దివ్య ఖుర్‌ఆన్ (53:49) ప్రకటించింది. నెలవంకలు ప్రజలకు కాలనిర్ణయ సాధనాలని మరొకచోట (2:189) బోధించింది. అంటే ఆకాశంలోని గుర్తులను చూసి కాలం లెక్కించడం నిషిద్ధం కాదు. వాటికి తలవంచడమే నిషిద్ధం.

ఈజిప్టు ముస్లిం రైతుల జీవితమే దీనికి సాక్ష్యం. ప్రాచీన పంచాంగం నుండి వచ్చిన కాప్టిక్ నెలలను బట్టి వారు తరతరాలుగా విత్తనాలు చల్లారు, కోతలు కోశారు. మొదటి నెల 'తూత్' పేరు థోత్ అనే దేవత నుండి వచ్చింది. అయినా ఆ పేరు పలికిన రైతు థోత్‌ను పూజించినట్లు కాదు. మనం 'ఆదివారం' అన్నంత మాత్రాన సూర్యుని ఆరాధించినట్లవుతుందా?

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. నైలు పొంగడానికి ఏటా ఒక కన్యను నదిలో పడవేసేవారనీ, హజ్రత్ ఉమర్ (రజి) లేఖతో ఆ దురాచారం ఆగిందనీ ఒక కథ ప్రసిద్ధమై ఉంది. దీనిని ఇబ్ను అబ్దిల్ హకమ్ (మరణం క్రీ.శ. 871) ఉల్లేఖించారు. కాని దాని ఉల్లేఖన పరంపర బలహీనమైనది. పైగా ఆ కథలోని నెల 'బఊనా', అంటే జూన్; సంవత్సరాదితో దానికి సంబంధం లేదు. ఇతరుల విశ్వాసాన్ని ఖండించదలచిన వానికి తౌహీద్ ప్రమాణాలే చాలు. నిరూపితం కాని నేరాన్ని వారికి అంటగట్టవలసిన పని లేదు. విరోధుల విషయంలో సైతం న్యాయం తప్పరాదని ఖుర్‌ఆన్ (5:8) ఆదేశం.